పాత ఆడియో క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించాలి – ఏ ప్లేయరు, ఏ వైరు, ఏ సెట్టింగులు?

సైడ్_బి:

అట్టపెట్టె నిండా క్యాసెట్లున్నాయి. కంపెనీ సినిమా పాటలు కొన్ని, రికార్డింగ్ సెంటర్‌లో చీటీ రాసిచ్చి ఖాళీ క్యాసెట్ మీద ఎక్కించుకున్న పాటలు కొన్ని. ఇవి కాక పౌరాణిక సినిమాల మాటల క్యాసెట్లు, హరికథలు, బుర్రకథలు, ఇంట్లో పెద్దవాళ్ళ గొంతులు. ఎక్కువ భాగం 60, 90 నిమిషాలవి. వీటిని ఫైళ్ళుగా మార్చుకుని, కవర్ల గురించి, పాటల వరుసల గురించి బ్లాగులో రాద్దామని ఆలోచన.

సందేహాలు ఇవి:

యూఎస్‌బీ ఉన్న చిన్న వాక్‌మన్ లాంటివి ఆన్‌లైన్లో చవగ్గా దొరుకుతున్నాయి, అవి చాలా? పాత టూ-ఇన్-వన్ ఒకటుంది, కానీ ప్లే నొక్కితే మోటారు తిరిగే చప్పుడే గానీ చక్రాలు కదలవు. ల్యాప్‌టాప్‌కి హెడ్‌ఫోన్ రంధ్రం ఒక్కటే ఉంది, వైరు అందులో పెడితే సరిపోతుందా? వేరే ప్లేయర్లో వింటే కొన్ని క్యాసెట్లు దుప్పటి కప్పినట్టు మందంగా పలుకుతున్నాయి. నాలుగైదింటికి కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి పొడి కనిపిస్తోంది. వాటిని వేయొచ్చా?

హెడ్‌క్లీనర్:

తెల్ల పొడి ఉన్నవి ముందు విడిగా తీసి వేరే కవర్లో కట్టేయండి. అది బూజు. ఒక్కటి వేసినా హెడ్‌కి (టేపుని చదివే భాగం), రోలర్‌కి అంటుకుని తర్వాత వేసే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. వాటి సంగతి చివర్లో.

ఆ చవక యూఎస్‌బీ ప్లేయర్లు వద్దు. లోపల మోటారు వేగం నిలకడగా ఉండదు. సినిమా పాటలో హుషారు ముక్క అయితే పెద్దగా తెలియదు గానీ, వీణ మీద సాగే స్వరమో, హరికథలో లాగి పాడే పద్యమో వస్తే స్వరం వణకడం స్పష్టంగా వినిపిస్తుంది. తర్వాత మామూలు సాఫ్ట్‌వేర్లతో దాన్ని సరిచేయడం కష్టం. పాత కంపెనీ డెక్ (స్పీకర్లు లేని పెద్ద క్యాసెట్ ప్లేయరు), వెనక ఎర్ర-తెల్ల పిన్నుల లైన్ అవుట్ (శబ్దాన్ని వేరే పరికరానికి పంపే దారి) ఉన్నది, సెకండ్ హ్యాండ్‌లో చూడండి. కొనేముందు మీ క్యాసెట్ ఒకటి తీసుకెళ్ళి అక్కడే వేసి వినాలి. ప్లే, రివైండ్, ఫాస్ట్ ఫార్వర్డ్ మూడూ చూడాలి.

మీ టూ-ఇన్-వన్‌లో తప్పు దాదాపు ఖాయంగా బెల్టే. రబ్బరు బెల్టు ఏళ్ళ తరబడి ఉంటే సాగిపోతుంది, లేదా కరిగి తారులా పుల్లీకి అతుక్కుంటుంది. తారు అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లలతో పూర్తిగా గీకి తీయాలి, కొంచెం మిగిలినా కొత్త బెల్టు జారుతుంది. ఆ మరక బట్టల మీద పడితే పోదు, గ్లౌజులు వేసుకోండి. కొలతకి పుల్లీల చుట్టూ దారం చుట్టి పొడవు తీసుకుని, దానికంటే 5 శాతం తక్కువ చుట్టుకొలత ఉన్న చదరపు బెల్టు తీసుకోండి. మరీ బిగువైతే మోటారు మీద భారం పడి వేగం తగ్గుతుంది. హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీలో, చెన్నైలో రిచీ స్ట్రీట్‌లో అడగండి. పాత బెల్టు ముక్క చూపిస్తే ఇంకా మంచిది.

ల్యాప్‌టాప్ రంధ్రం పనికిరాదు. అందులో లోపలికి వెళ్ళే దారి మైకుది, అది కూడా మోనో. లైన్ అవుట్ సిగ్నల్ దానికి మరీ ఎక్కువై శబ్దం పగిలిపోతుంది. స్టీరియో లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (ప్లేయర్ శబ్దాన్ని కంప్యూటర్లోకి పంపే చిన్న డబ్బా) కావాలి. బెహ్రింగర్ యూసీఏ202 లాంటి చిన్నదైనా చాలు. అది 16 బిట్ల వరకే ఇస్తుంది, క్యాసెట్‌కి అది ఎక్కువే. వేలెడంత యూఎస్‌బీ సౌండ్ కార్డులు చాలావాటిలో గులాబీ రంగు రంధ్రం మోనో మైకే, కొనేముందు చూసుకోండి.

ప్రతి నాలుగైదు క్యాసెట్లకోసారి హెడ్, క్యాప్‌స్టన్ (సన్నటి ఉక్కు కడ్డీ) రెండూ 99 శాతం ఐసోప్రొపైల్‌తో తుడవండి. రబ్బరు పించ్ రోలర్‌కి ఆల్కహాల్ తక్కువగా వాడి వెంటనే పొడి దూదితో తుడిచేయాలి, లేకపోతే రబ్బరు గట్టిపడి పగుళ్ళిస్తుంది. దూదికి గోధుమరంగు అంటడం ఆగేవరకూ తుడవాలి. చేతికి రాసుకునే శానిటైజర్ వాడకండి, అందులో గ్లిజరిన్ ఉంటుంది.

ఇంకొకటి. మొదలుపెట్టే ముందే ప్రతి క్యాసెట్ వెనక రెండు ప్లాస్టిక్ చెవులూ విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ పడితే ఇంట్లోవాళ్ళ గొంతు పోయినట్టే.

త్రిస్థాయి:

హెడ్‌క్లీనర్ గారు చెప్పిందంతా సరే, అయితే మందంగా పలకడానికి రెండో కారణం ఉంది. మురికి కాకపోతే హెడ్ వంపు, అంటే అజిముత్. టేపుకి హెడ్ సరిగ్గా నిటారుగా లేకపోతే మొదట పోయేది పైస్థాయి శబ్దాలే. స, ష, తాళాలు, గజ్జెలు మొద్దుబారిపోతాయి. రికార్డింగ్ సెంటర్లో ఎక్కించిన క్యాసెట్లకి ఇది చాలా మామూలు, ఎందుకంటే ఆ దుకాణం డెక్ వంపు వేరు, మీ డెక్ వంపు వేరు.

హెడ్‌కి రెండు పక్కలా రెండు స్క్రూలుంటాయి. స్ప్రింగ్ ఉన్నదే వంపుది. ప్లే నొక్కినప్పుడు చాలా సెట్లలో తలుపు అంచున చిన్న రంధ్రంలోంచి అది కనిపిస్తుంది. తిప్పేముందు స్క్రూ తల మీద, పక్కన లోహం మీద కలిపి నెయిల్ పాలిష్‌తో గీత పెట్టండి, పాత స్థానానికి తిరిగి రావాలిగా. అయస్కాంతం లేని స్క్రూడ్రైవర్ వాడాలి. శబ్దాన్ని మోనోగా కలిపి వింటూ, ఒకేసారి ఎనిమిదో వంతు చుట్టు కంటే ఎక్కువ తిప్పకుండా, స, ష ఎక్కడ పదునుగా పలుకుతాయో అక్కడ ఆపండి. మోనోలో వినమన్నది ఎందుకంటే, వంపు తప్పితే ఎడమ కుడి మధ్య కొద్దిపాటి తేడా వచ్చి కలిపినప్పుడు పైస్థాయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తేడా బాగా తెలిసిపోతుంది. కంపెనీ క్యాసెట్లన్నీ ఒక స్థానంలో, సెంటర్ క్యాసెట్లు దేనికది చూసుకోవాలి.

ఆటో రివర్స్ డెక్ అయితే రెండు దిశలకీ వేర్వేరు సర్దుబాట్లుంటాయి. నా మాట వినండి, రివర్స్ జోలికి పోకుండా క్యాసెట్ తిరగేసి వేసుకోండి.

పాట వెనక మెల్లగా తిరగేసిన మాటలు వినిపిస్తే అది వంపు కాదు, హెడ్ ఎత్తు. అవతలి సైడు కూడా చదువుతోందన్నమాట. ఇది ఇంట్లో సరిచేసుకునే పని కాదు, వేరే డెక్ చూసుకోవడమే. పాట మొదలయ్యే ముందు ఒక క్షణం అదే పల్లవి సన్నగా వినిపిస్తే ఎత్తూ కాదు, వంపూ కాదు. చుట్టలో పక్క పొర అయస్కాంతం అచ్చు పడింది. 90 నిమిషాల టేపు పలచన కాబట్టి వాటిలో ఎక్కువ. పూర్తిగా ఒకటి రెండు సార్లు అటూ ఇటూ చుట్టాక వేస్తే కొంచెం తగ్గుతుంది.

వేగం గురించి. క్యాసెట్ ప్రామాణిక వేగం సెకనుకి 4.76 సెంటీమీటర్లు. టెస్ట్ టేపు లేకపోయినా పరీక్షించొచ్చు. అదే పాట సీడీలోనో స్ట్రీమింగ్‌లోనో ఎంతసేపుందో చూడండి. అక్కడ 4 నిమిషాల 30 సెకన్లు (270 సెకన్లు), మీ టేపులో 275.4 సెకన్లు వస్తే 2 శాతం మెల్లగా నడుస్తోంది. ఒక స్వరం అరమెట్టు దిగాలంటే దాదాపు 6 శాతం తేడా కావాలి, కాబట్టి 2 శాతం చెవికి వెంటనే పట్టదు, గొంతు కాస్త బరువైనట్టు మాత్రం అనిపిస్తుంది. మూడు నాలుగు కంపెనీ క్యాసెట్లలో ఒకే తేడా వస్తే మోటారు వెనక రంధ్రంలోని చిన్న స్క్రూతో సరిదిద్దండి. ఒక్క క్యాసెట్‌లోనే వస్తే ఆ దుకాణం డెక్ తప్పు, దాన్ని ఫైల్లోనే మార్చుకోవాలి.

సైడ్_బి:

చాలా ఉపయోగపడింది. డోల్బీ స్విచ్ (టేపు వెనక సుయ్‌మనే హిస్ శబ్దాన్ని తగ్గించేది) వేయాలా, ఆపాలా? రికార్డింగ్ సాఫ్ట్‌వేరు ఆడాసిటీలో ఏ నాణ్యత పెట్టాలి? హిస్ తీసేసే ఫిల్టరు వాడొచ్చా?

వేవ్‌ఫారం:

కవరు మీద డోల్బీ గుర్తు ఉంటేనే వేయండి. గుర్తు లేనివాటికి వేస్తే హిస్‌తో పాటు పాట కూడా మందం అవుతుంది, చాలామంది దీన్నే శుభ్రం అయిందనుకుంటారు.

ఆడాసిటీలో స్టీరియో, 44100 హెర్ట్జ్, ప్రాజెక్టు 32 బిట్ ఫ్లోట్. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో ఆ ఇంటర్‌ఫేస్‌కి ఎన్‌హాన్స్‌మెంట్లు (శబ్దాన్ని దానంతటదే మార్చే సదుపాయాలు) అన్నీ ఆపేయండి. ఆపకపోతే పల్లవికీ చరణానికీ మధ్య నిశ్శబ్దంలో హిస్ దానంతటదే పైకి లేస్తుంది. క్యాసెట్లో పెద్ద శబ్దం ఉన్న చోటు వెతికి అక్కడ మీటరు -6 డెసిబెల్స్ దగ్గర ఉండేలా సర్దండి. సున్నా తాకితే ఆ చోటు పగిలిపోతుంది, తిరిగి రాదు. తక్కువగా ఎక్కితే మాత్రం తర్వాత పెంచుకోవచ్చు.

గుయ్‌మనే మోత వస్తే ల్యాప్‌టాప్ ఛార్జరు పీకి చూడండి. చాలాసార్లు అక్కడితో పోతుంది.

రికార్డు మొదలుపెట్టేముందు క్యాసెట్‌ని చివరిదాకా ఫాస్ట్ ఫార్వర్డ్ చేసి వెనక్కి చుట్టండి. ఏళ్ళుగా కదలని చుట్టలు ఒకదానికొకటి పట్టేసి ఉంటాయి, నేరుగా ప్లే చేస్తే ఈడ్చుకుంటూ నడుస్తాయి. తర్వాత టైమర్ రికార్డులో 90 నిమిషాల క్యాసెట్ ఒక్కో సైడుకి 48 నిమిషాలు పెట్టి వదిలేయండి. టేపు చెప్పినదానికంటే కొంచెం ఎక్కువే ఉంటుంది.

నాయిస్ రిడక్షన్ విషయంలో జాగ్రత్త. రెండు పాటల మధ్య టేపు నడుస్తున్నప్పుడు వినిపించే ఖాళీ హిస్ రెండు మూడు సెకన్లు ఎంచుకుని ప్రొఫైల్ (హిస్ నమూనా) తీసుకోవాలి. టేపు ఆగి ఉన్నప్పటి నిశ్శబ్దం కాదు. 6 డెసిబెల్స్, మహా అయితే 8. 12 దాటితే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుంటుంది, తాళాలు గులకరాళ్ళలా మోగుతాయి. ఏ సైడుకి ఆ సైడే ప్రొఫైల్ తీసుకోండి.

పాత మోనో సినిమా పాటలైతే ఫిల్టరు కంటే మంచి దారి ఉంది. వంపు సరిచేశాక రెండు ఛానెళ్ళనీ కలిపి మోనో చేసేయండి. పాట రెండింట్లో ఒకటే, హిస్ మాత్రం దేనికదే, కాబట్టి హిస్ 3 డెసిబెల్స్ తగ్గుతుంది. వంపు సరిచేయకుండా కలిపితే త్రిస్థాయి గారన్న గొడవ ఫైల్లో శాశ్వతంగా ఉండిపోతుంది.

త్రిస్థాయి:

ఫిల్టరు వేసినదాన్ని అసలు కాపీగా దాచొద్దని గట్టిగా చెప్పాలి. ముట్టుకోని ఫైలు ఫ్లాక్‌లో (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) ఒకటి, వినడానికి వేరే ఇంకొకటి. 16 బిట్ వేవ్ ఫైలు నిమిషానికి 10.6 ఎంబీ చొప్పున 90 నిమిషాలకి 950 ఎంబీ దాకా తింటుంది. ఫ్లాక్‌లో అందులో దాదాపు సగం. ఇప్పటి హార్డ్ డిస్కులకి అది లెక్కలోది కాదు.

వేవ్‌ఫారం:

ఒప్పుకుంటా. నేను చెప్పింది వినే కాపీకే.

పాటలు విడదీయడానికి ఒక్కో పాట ఎంచుకుని కంట్రోల్-బి నొక్కితే లేబుల్ పడుతుంది. అన్నిటికీ పేర్లు రాసి, ఎక్స్‌పోర్ట్‌లో మల్టిపుల్ ఫైల్స్ ఎంచుకుంటే ఒక్కసారే విడివిడి ఫైళ్ళు వస్తాయి. ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, లోపలి ట్యాగుల్లో పాట పేరు తెలుగులో పెట్టండి. పాత కార్ స్టీరియోలు తెలుగుని డబ్బాలుగా చూపిస్తాయి, అందుకు. సినిమా, సంవత్సరం, రాసినవారు, పాడినవారు కవరు చూసి అప్పుడే నింపేయాలి, తర్వాత అంటే ఎవరూ చేయరు.

కవర్లు 600 డీపీఐలో స్కాన్ చేసి తర్వాత చిన్నవి చేయండి. 150లోనే తీస్తే అచ్చు చుక్కలు కలిసి చారలు పడతాయి. మడత విప్పి లోపలి వైపు కూడా తీయండి, పాటల వరుస, క్యాసెట్ నంబరు చాలాసార్లు అక్కడే ఉంటాయి.

హెడ్‌క్లీనర్:

బూజు క్యాసెట్ల మాట. మాస్కు వేసుకుని, ఇంటి బయట చేయాల్సిన పని. ఒంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళు చేయకూడదు. పెంకుకి ఐదు స్క్రూలుంటే విప్పొచ్చు. స్క్రూలు లేకుండా అతికించినవైతే అంచు వెంబడి పలుచటి బ్లేడుతో జాగ్రత్తగా విడదీసి, టేపు చుట్టని అదే కొలత ఉన్న స్క్రూల పెంకులోకి మార్చాలి. విప్పేముందు ఫోటో తీసుకోండి. రెండు పక్కలా ఉండే పలుచటి జారుడు కాగితాలు, మూలల్లో చిన్న రోలర్లు, వెనక లోహపు రేకు ఎక్కడివక్కడ పెట్టకపోతే మళ్ళీ తిరగదు.

చుట్ట అంచున ఉన్న పొడిని మెత్తటి పొడి బ్రష్‌తో తోసేయండి. తర్వాత పొడి మెత్తటి గుడ్డ మధ్యలోంచి టేపుని పోనిస్తూ చేత్తోనే మెల్లగా అవతలి చక్రానికి చుట్టాలి. మధ్య రంధ్రంలో ఆరు పలకల పెన్సిల్ పెడితే సులువు. టేపు మీద నీళ్ళు, ఆల్కహాల్ పోయకండి. దీని కోసం పనికిరాని పాత ప్లేయర్ ఒకటి విడిగా ఉంచుకుని మొదట అందులో వేయడం మేలు. మంచి డెక్‌లో పెట్టేది ఆ తర్వాతే.

పెంకు లోపల హెడ్ ఎదురుగా చిన్న ఉన్ని ముక్క, సన్నటి లోహపు రేకు మీద ఉంటుంది. బంక ఎండి అది రాలిపోతే పాట వచ్చిపోతూ, పలుచగా ఉంటుంది. వినడానికి అక్కర్లేని క్యాసెట్‌లోంచి రేకుతో సహా తీసి అమర్చండి.

తెగిన టేపుని మామూలు సెల్లో టేపుతో అతికించొద్దు, వేసవికి బంక కారి పక్క పొరలు అంటుకుంటాయి. స్ప్లైసింగ్ టేపు వాడాలి. రెండు కొసల్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి ఏటవాలుగా ఒకే కోత కోసి, ఎదురెదురుగా ఆనించి, నున్నటి వెనక వైపు అతికించండి. హెడ్‌కి తగిలే వైపు కాదు. అంచు దాటిన టేపుని బ్లేడుతో కత్తిరించేయాలి, క్యాసెట్ టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లే కాబట్టి కొంచెం బయటికొచ్చినా దారిలో ఇరుక్కుంటుంది.

బొమ్మబొరుసు:

బ్లాగు అన్నారు కాబట్టి ఒక మాట. సొంతంగా వినడానికి మార్చుకోవడం వేరు, పాటల ఫైళ్ళు నెట్‌లో పెట్టడం వేరు. మన చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. అంటే 1964లో వచ్చిన రికార్డు మీద హక్కు 2024 చివరితో తీరింది. అయితే సాహిత్యం, సంగీతం మీద హక్కులు వేరే లెక్క, రాసినవారు పోయాక 60 ఏళ్ళు. కాబట్టి పాటలు ఎక్కించకుండా కవరు గురించి, పాటల వరుస గురించి రాయడమే సుఖం. ఇంట్లోవాళ్ళ గొంతులున్న టేపులు మాత్రం అన్నిటికంటే ముందు ఎక్కించండి. సినిమా పాట ఇంకెక్కడైనా దొరుకుతుంది, అవి దొరకవు.

సైడ్_బి:

బెల్టు కొలత తీసుకున్నా, పెద్దది 23 సెంటీమీటర్లు వచ్చింది. అంటే చుట్టుకొలత 22 దగ్గర అడగాలి, అంతేనా?

హెడ్‌క్లీనర్:

అవును, 21.8 నుంచి 22 మధ్య. మందం కూడా చెప్పండి. పాతది 1.2 మిల్లీమీటర్ల చదరం అయితే అదే కావాలి, లావుగా ఉంటే పుల్లీ గాడిలో కూర్చోదు. కౌంటర్ తిప్పే చిన్న బెల్టు కూడా ఉంటుంది, అది కూడా ఇప్పుడే మార్చేయండి, మళ్ళీ విప్పే పని ఉండదు.