మొదటి 200 కిలోమీటర్ల బ్రెవే: జట్టుగా వెళ్ళాలా, ఎవరి వేగం వారిదా?

ప్రశ్న: గండిపేట వాసి

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంటులో ఉదయం పూట కలిసి సైకిలు తొక్కే ఆరుగురం ఈ డిసెంబరులో మొదటిసారి 200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిలు ప్రయాణానికి, పేర్లు ఇచ్చాం. హైదరాబాదులో ఉదయం ఆరింటికి బయలుదేరి, 44వ జాతీయ రహదారి మీదుగా మహబూబ్‌నగర్ వైపు వంద కిలోమీటర్లు వెళ్ళి, అదే దారిన తిరిగి రావాలి. ఇంతవరకూ మా సాధన అంతా ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వేసిన సైకిల్ ట్రాక్ మీదా, గండిపేట చుట్టుపక్కల రోడ్ల మీదా సాగింది. ఎనభై కిలోమీటర్ల దాకా నాకు ఇబ్బంది లేదు, ఆ తర్వాత కాళ్ళలో సత్తువ తగ్గుతుంది.

అయితే నన్ను వేధిస్తున్నది దూరం ఒక్కటే కాదు. మాలో ఇద్దరు గంటకు 27 కిలోమీటర్ల వేగాన్ని తేలికగా నిలబెట్టగలరు. మరో ఇద్దరు 22 దగ్గర ఉంటారు. నేనూ, యాభై దాటిన ఇంకో మిత్రుడూ 20 దాటితే ఎక్కువసేపు నిలవలేం. ముందుండే ఇద్దరిలో ఒకరికి ఫ్రాన్సులో 2027లో జరగాల్సిన పారిస్–బ్రెస్ట్–పారిస్ అనే సుమారు 1200 కిలోమీటర్ల బ్రెవేకు వెళ్ళాలన్న ఆశ ఉంది కనుక ఆయన ఈ 200ను దానికి తొలి మెట్టుగా చూస్తున్నారు. అందరం కలిసే వెళ్దామని అంటున్నారు గానీ, వాళ్ళను అందుకోవడానికి నేను మొదటి గంటల్లోనే అలసిపోతానేమో, లేదా నా కోసం ఆగి ఆగి వాళ్ళ ప్రయాణం పాడవుతుందేమో అని దిగులుగా ఉంది. విడిపోతే చీకటి పడ్డాక లారీల మధ్య ఒంటరిగా మిగలాలి. ఇలాంటి జట్లతో వెళ్ళినవారు ఎలా సర్దుకున్నారో, తిండీ నీళ్ళ విషయంలో ఏం జాగ్రత్త తీసుకోవాలో దయచేసి చెప్పండి.

జవాబు: నల్లమల దారులు

ముందుగా గడువు సంగతి చూద్దాం, ఎందుకంటే మీ దిగులులో సగం అక్కడే తీరిపోతుంది. 200 కిలోమీటర్లకు ఇచ్చే సమయం పదమూడున్నర గంటలు, అంటే ఆరింటికి బయలుదేరినవారు రాత్రి ఏడున్నరలోపు చేరాలి. వంద కిలోమీటర్ల దగ్గర ఉండే కంట్రోల్, అంటే మన కార్డు మీద ముద్ర వేసే చోటు, మధ్యాహ్నం 12:40కి మూసేస్తారు. మీ 20 కిలోమీటర్ల వేగంతో తొక్కే సమయం పది గంటలు అవుతుంది, తక్కిన మూడున్నర గంటలూ తినడానికి, నీళ్ళు పట్టుకోవడానికి, పంక్చర్లకు మిగులుతాయి. డిసెంబరులో మన దగ్గర సాయంత్రం సుమారు 5:45కి సూర్యాస్తమయం. కాబట్టి దారిలో ఆగే సమయం మొత్తం గంటా ముప్పావుకు మించకుండా చూసుకుంటే మీరు మీ సొంత వేగంలోనే చీకటి పడేలోపు ఊరు చేరవచ్చు. గడువు పరంగా మీరు నెమ్మదైనవారు కారు. చాలామందిని ఆలస్యం చేసేది కాళ్ళు కాదు, కంట్రోల్ దగ్గర కూర్చున్న చోటి నుంచి లేవకపోవడం.

ఇక జట్టు విషయం. మీరు అడిగినది వందేళ్ళకు పైబడిన ప్రశ్న. 1897లో ఇటలీలో కొందరు సైక్లిస్టులు రోము నుంచి నేపుల్స్ దాకా పగటి వెలుగులోనే తొక్కి చూపించారు, ఆడాక్స్ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. 1904లో ఫ్రాన్సులో ఆ పద్ధతి మొదలైనప్పుడు నాయకుడి వెనుక అందరూ ఒకే వేగంతో, ఒకే గుంపుగా వెళ్ళాలన్నది నియమం. ఆ పద్ధతి ఈనాటికీ బతికే ఉంది, దానిలో సాధారణంగా గంటకు 22.5 కిలోమీటర్ల వేగం పాటిస్తారు. 1921లో ఆడాక్స్ క్లబ్ పారిసియన్ దాని నుంచి విడివడి, కనిష్ఠ గరిష్ఠ గడువుల మధ్య ఎవరి వేగంలో వారు తొక్కే పద్ధతిని తెచ్చింది. మనం ఇక్కడ తొక్కే బ్రెవేలు ఆ రెండో సంప్రదాయానివే. కార్డు మీ ఒక్కరి పేరు మీద ఉంటుంది, ముద్రలు మీ ఒక్కరికే పడతాయి, వెంట సహాయ వాహనం రాకూడదు. అంటే మీ ప్రయాణానికి బాధ్యులు మీరేనని ఆ నియమాలే చెబుతున్నాయి.

ఇంకొకరి వెనుక తొక్కితే లాభం ఉన్న మాట నిజమే. చదును రోడ్డు మీద 25 దాటిన వేగంలో మన శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చుకోవడానికే పోతుంది, కనుక ముందున్న సైకిలుకు దగ్గరగా తొక్కేవారికి అందులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కలిసి వస్తుంది. ఎగువ ఎక్కేటప్పుడు మాత్రం ఆ లాభం దాదాపు ఉండదు. వేగం పడిపోతుంది, గాలికి బదులు బరువు లెక్కలోకి వస్తుంది. అందుకే జట్లు ఎప్పుడూ ఎగువ దారుల్లోనూ, ఫ్లైఓవర్ల మీదా తెగిపోతాయి. తెగిపోయిన వ్యక్తి మళ్ళీ అందుకోవాలని పై నుంచి దిగగానే ఊపిరి బిగబట్టి తొక్కుతాడు. అలా నాలుగైదు సార్లు జరిగితే వంద కిలోమీటర్లకే పిక్కలు పట్టేస్తాయి. మీరు సాధన చేసే ట్రాక్ మీద ఇది తెలియదు, ఎందుకంటే అక్కడ రోడ్డు చదును, పైన సౌర ఫలకాల నీడ. నా సలహా స్పష్టంగానే చెబుతాను: మొదటి కిలోమీటరు నుంచే వేగంగా వెళ్ళే ఇద్దరినీ వెళ్ళనివ్వండి. ఆ మాట ముందు రోజే అందరూ కూర్చుని అనుకోండి, రోడ్డు మీద తేల్చుకోవద్దు.

జవాబు: హనుమకొండ రైడర్

పై జవాబులోని లెక్కలు సరైనవే గానీ, ముగింపుతో నేను పూర్తిగా ఏకీభవించలేను. బ్రెవేలో ర్యాంకులు లేవు. ముందు వచ్చినవారికీ చివరి నిమిషంలో వచ్చినవారికీ దక్కే గుర్తింపు ఒక్కటే. అలాంటప్పుడు వేగంగా తొక్కగలవారు రెండు గంటలు ముందు చేరి సాధించేదేమిటి? పారిస్ వెళ్ళాలనుకునే మీ మిత్రుడికి ఆ ఏడాది 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలన్నీ గడువులోపు పూర్తి చేయడం కావాలి. అది వేగం కన్నా ఓర్పుతో అయ్యే పని. అలసిన మనిషి పక్కన నిలకడగా తొక్కడం నేర్చుకుంటే 600లో రెండో రోజు ఆయనకే ఉపయోగపడుతుంది.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోండి. మన దగ్గర శీతాకాలంలో ఎక్కువగా ఈశాన్యపు గాలి వీస్తుంది. హైదరాబాదు నుంచి మహబూబ్‌నగర్ వైపు దిగువకు వెళ్ళేటప్పుడు అది వీపున ఉంటుంది, ఆ రోజు ఒంట్లో కొత్త బలం వచ్చినట్టు అనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురవుతుంది, అప్పటికి ఎండ నెత్తిన ఉంటుంది, కాళ్ళు బరువెక్కి ఉంటాయి. కాబట్టి జట్టు అవసరం వెళ్ళేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు. బలమైనవారు ఆ సమయంలో ముందుండి, రెండు మూడు నిమిషాలకొకసారి వంతులు మార్చుకుంటూ వెనుకవారికి గాలి తగలకుండా చూస్తే ఆరుగురూ బాగుపడతారు. ముందుకు వచ్చినవారు వేగం పెంచకూడదు, అంతకు ముందున్న వేగాన్నే కొనసాగించాలి. వెనుక ఉన్నవారు తమ ముందు చక్రాన్ని ఎదుటివారి వెనుక చక్రం పక్కకు ఎన్నడూ రానీయకూడదు. ఆయన కాస్త పక్కకు జరిగితే చక్రానికి చక్రం తగిలి పడేది వెనుకవారే. గుంతలూ గులకరాళ్ళూ ముందున్నవారికే కనిపిస్తాయి గనుక చేత్తో చూపడం, నోటితో చెప్పడం రెండూ అలవాటు చేసుకోండి.

చీకటి గురించి మీ భయం న్యాయమైనది. వానాకాలం కోతలయ్యాక మన పల్లెల పక్కన సర్వీసు రోడ్ల మీదా, లోపలి రోడ్ల మీదా వడ్లు, మక్కలు ఆరబోస్తారు. కుప్ప చుట్టూ వాహనాలు ఎక్కకుండా పెద్ద రాళ్ళు పెడతారు, సాయంత్రానికి దానిపై నల్లటి కవరు కప్పుతారు. దీపం లేని ఆ నల్లని కుప్ప, దాని అంచున రాయి, మన లైటుకు చివరి క్షణం దాకా కనిపించవు. రైతులకు కల్లం చాలని చోట వాళ్ళు చేసేది అది, వాళ్ళను తప్పు పట్టలేం. జాగ్రత్త పడాల్సింది మనం. పైగా పక్క వరుసలో లైటు లేకుండా ఎదురుగా వచ్చే మోటారు సైకిళ్ళు, ఆగి ఉన్న లారీలు ఉంటాయి. సూర్యుడు దిగాక కనీసం ఇద్దరు కలిసి ఉండాలన్నది మా జట్టులో సడలించని నియమం. ముందు లైట్లు రెండు ఉండాలి, ఒకటి ఆరిపోయినా రెండోది ఉంటుంది. వెనుక ఎర్ర లైటు, రిఫ్లెక్టివ్ జాకెట్ బయలుదేరే ముందే వేసుకోండి, బ్యాగులో పెట్టుకుని ఆ తర్వాత తీద్దామంటే తీయరు.

మీ జట్టులో ఆడవాళ్ళు ఉంటే ఒక మాట: మరుగుదొడ్డి శుభ్రంగా ఉన్న పెట్రోలు బంకులు ఎక్కడున్నాయో ముందే కారులో ఒకసారి దారి చూసి రాసుకోండి. ఆ భయంతో నీళ్ళు తాగడం మానేసి మధ్యాహ్నానికి కళ్ళు తిరిగి పడినవారిని నేను చూశాను.

జవాబు: బెజవాడ ఫిజియో

తిండీ నీళ్ళ గురించి వృత్తిపరంగా నాకు తెలిసినది చెబుతాను. కండరాల్లో, కాలేయంలో నిలవ ఉండే పిండిపదార్థం కొన్ని గంటల శ్రమకే కరిగిపోతుంది. మీకు ఎనభై కిలోమీటర్ల దగ్గర సత్తువ తగ్గడానికి ఎక్కువగా కారణం అదే కావచ్చు. ఆకలి వేసేదాకా ఆగకుండా మొదటి గంట నుంచే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్ళాలి. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి. ఖర్జూరాలు, పల్లీ పట్టీ, ఇడ్లీ, బెల్లం ఇవన్నీ పనికొస్తాయి. సగం దూరంలో బిర్యానీ లాంటి నూనె తిండి తింటే రక్తం కడుపు వైపు మళ్ళి ఒక గంట పాటు కాళ్ళు కదలవు. కొత్త జెల్‌లు, పొడులు ఆ రోజే మొదటిసారి నోట పెట్టుకోవద్దు. సాధనలో ఒంటికి పడినదే తెచ్చుకోండి.

నీళ్ళు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండ పెరిగితే ఇంకొంచెం. అయితే ఉత్త నీళ్ళే అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, మతి తప్పినట్టు ఉండడం మొదలవుతాయి. దాన్ని దాహమనుకుని ఇంకా నీళ్ళు పోస్తే ప్రమాదం. ఒక సీసాలో మంచి నీళ్ళు, రెండో సీసాలో ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం కలిపిన ఓఆర్ఎస్ ఉంచుకోండి. ఉప్పు వేసిన మజ్జిగ దొరికితే మరీ మంచిది. నొప్పి మాత్రలు వేసుకుని తొక్కడం మాత్రం వద్దు, ఒంట్లో నీరు తగ్గిన సమయంలో అవి మూత్రపిండాలకు హాని చేస్తాయి.

మోకాలి ముందు భాగం నొప్పి పెడితే సాధారణంగా సీటు కిందికి ఉందని గానీ, బరువైన గేరులో తొక్కుతున్నారని గానీ అర్థం. పెడలు అడుగున ఉన్నప్పుడు దానిపై మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. మామూలుగా తొక్కేటప్పుడు పాదం ముందు భాగం ఆనుతుంది గనుక మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి అంచున ఉండే నరం మీద హ్యాండిల్ ఒత్తిడి పడుతోందని గుర్తించి, పది నిమిషాలకొకసారి చేతులు పట్టుకునే చోటు మార్చండి. యాభై దాటిన మీ మిత్రుడు ఒకసారి గుండె పరీక్ష చేయించుకుని రావడం మంచిది. తొక్కుతుండగా ఛాతీలో బరువు, దవడ లేదా ఎడమ చేయి లాగడం అనిపిస్తే అక్కడే దిగాలి, గడువు గురించి ఆలోచించకూడదు.

జవాబు: నల్లమల దారులు

హనుమకొండ రైడర్ గారి గాలి లెక్క నాకు నచ్చింది, చీకటిలో ఇద్దరుండాలన్నదీ ఒప్పుకుంటాను. కానీ 27 వేగంతో వెళ్ళేవారు వంద కిలోమీటర్ల దగ్గర 20 వేగంతో వచ్చేవారి కోసం గంటకు పైగా కూర్చోవాలి. ఒళ్ళు చల్లబడి, కండరాలు బిగుసుకుపోయిన తర్వాత మళ్ళీ ఎక్కడం చాలా కష్టం. వేగంలో అంత తేడా ఉన్నవారిని ఒక్క ముడి వేయడం కన్నా దగ్గర దగ్గరగా ఉన్నవారిని కలపడమే ఇద్దరికీ మేలని ఇప్పటికీ అనుకుంటున్నాను.

జవాబు: హనుమకొండ రైడర్

ఆ తేడా పెద్దదేనని ఒప్పుకుంటున్నాను. అయితే 22 వేగంతో తొక్కేవారికి, 20 వేగంతో తొక్కేవారికి మధ్య అంతరం వంద కిలోమీటర్లకు అరగంట లోపే. ఆ నలుగురూ విడిపోవడానికి కారణమేదీ నాకు కనిపించడం లేదు.

గండిపేట వాసి

మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఆరుగురం కూర్చుని మాట్లాడుకున్నాం. వేగంగా వెళ్ళే ఇద్దరూ తమ దారిన వెళ్తారు, మిగిలిన నలుగురం 20 దగ్గర వేగం పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా కలిసే ఉంటాం. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలికి ముందుండే పని ఎక్కువగా 22 వేగం వారిద్దరూ తీసుకుంటామన్నారు. ఎగువలో ఎవరు వెనకబడినా పైకి చేరినవారు పెడలు వేయడం తగ్గించి కలుపుకోవాలని, కంట్రోల్ దగ్గర ఇరవై నిమిషాలకు మించి కూర్చోకూడదని అనుకున్నాం. వచ్చే ఆదివారం ట్రాక్ మానేసి షాద్‌నగర్ దాకా రహదారి మీదే వెళ్ళి చూస్తాం. పంక్చర్ సామాను మాత్రం నలుగురికీ కలిపి ఒకే సంచిలో పెడదామనుకుంటున్నాం, సరిపోతుందా?

జవాబు: నల్లమల దారులు

సరిపోదు. ఎవరి ట్యూబులు వారి దగ్గరే ఉండాలి, ఒక్కొక్కరికి రెండు. ముందు నలుగురి చక్రాల కొలతలూ, వాల్వులూ ఒకటేనా చూడండి. ఒకరిది సన్నని ప్రెస్టా, ఇంకొకరిది మోటారు సైకిలు తరహా ష్రేడర్ అయితే పంపు రెండింటికీ పట్టేది కావాలి. రహదారి అంచున పంక్చర్లకు ఎక్కువగా కారణం పగిలిన లారీ టైర్ల నుంచి రాలే సన్నని ఉక్కు తీగలు. అవి వెంట్రుకంత ఉంటాయి, టైరు పైనుంచి చూస్తే కనబడవు. కొత్త ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపలి వైపు చుట్టూ ఒక గుడ్డ ముక్కతో తుడవండి. తీగ ఉన్న చోట గుడ్డ పట్టుకుంటుంది, చిన్న పట్టకారుతో లాగేయవచ్చు. అది తీయకుండా ట్యూబు మారిస్తే రెండు కిలోమీటర్లు దాటకముందే రెండోది కూడా పోతుంది.