సరఫరాదారు బ్యాంకు ఖాతా మారిందని మెయిల్ వస్తే ఎలా నిర్ధారించుకోవాలి?

ప్రశ్న:
మాది చిన్న వ్యాపారం. చాలాకాలంగా మాకు సరుకు పంపుతున్న సరఫరాదారు నుంచి, తమ బ్యాంకు ఖాతా మారిందని, ఇకపై బిల్లుల సొమ్మును కొత్త ఖాతాలోనే జమ చేయాలని మెయిల్ వచ్చింది. అది మా పాత ఉత్తరప్రత్యుత్తరాల వరుసలోనే వచ్చింది. బిల్లు సంఖ్య, మొత్తం అన్నీ సరిపోయాయి. అయినా ఈరోజే కట్టాలని తొందరపెట్టడంతో అనుమానం వచ్చి చెల్లింపు ఆపాను. అదే మెయిల్‌కు జవాబిచ్చి అడిగితే సరిపోతుందా?

జవాబు 1:
ఆపి మంచి పని చేశారు, కానీ ఆ మెయిల్‌కు జవాబివ్వకండి. పాత వరుసలోనే వచ్చిందంటే, మోసగాడు మీ మెయిల్ ఖాతాలోకో వారి ఖాతాలోకో ఇప్పటికే చొరబడి ఉండవచ్చు. అదే నిజమైతే మీ ప్రశ్న చేరేదీ అతనికే, అవునని బదులిచ్చేదీ అతనే. మెయిల్ అడుగున ఉన్న ఫోన్ నంబరునూ నమ్మకండి. పాత ఒప్పంద పత్రంలో ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేసి, మీరు ఎరిగిన మనిషితో మాట్లాడి, ఖాతా మారిందో లేదో వారి నోటనే వినండి.

గూగుల్, ఫేస్‌బుక్ లాంటి పెద్ద సంస్థలు కూడా ఇలాంటి మోసానికి లోనయ్యాయి. లిథువేనియాకు చెందిన ఎవాల్డాస్ రిమాసౌస్కాస్, ఆ రెండు సంస్థలకూ సరుకు అమ్మే తైవాన్ తయారీ సంస్థ క్వాంటా కంప్యూటర్ పేరుతోనే లాట్వియాలో ఒక కంపెనీని నమోదు చేసి, 2013–2015 మధ్య నకిలీ బిల్లులతో వాటి నుంచి 12 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. 2019లో అమెరికా న్యాయస్థానం అతనికి అయిదేళ్ల జైలుశిక్ష విధించింది. అంత సొమ్మును పోగొట్టుకుని తట్టుకునే శక్తి మనలాంటి వారికి ఉండదు కనుక, ఆ ఒక్క ఫోన్ చేయడానికి ఎంత పని ఒత్తిడి ఉన్నా బద్ధకించకూడదని నా గట్టి అభిప్రాయం.

జవాబు 2:
పై సలహాతో ఏకీభవిస్తున్నాను. దానితోపాటు మీ మెయిల్ సెట్టింగ్స్‌లో, వచ్చిన ఉత్తరాలను మీకు తెలియకుండా వేరే చిరునామాకు పంపే నియమం ఏదైనా ఉందేమో చూడండి. చొరబడినవారు తరచుగా చేసే పని అదే. పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటిది కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోండి.

కొనుగోలుదారుల వైపు నుంచి కూడా ఒక మోసం ఉంది. ఆర్డరు విలువకన్నా ఎక్కువ కట్టి, పొరపాటు జరిగిందంటూ మిగిలిన సొమ్మును మరో ఖాతాకు పంపమంటారు. మొదట కట్టినది దొంగిలించిన కార్డుతోనైతే, అసలు యజమాని ఫిర్యాదు చేయగానే బ్యాంకు ఆ మొత్తాన్ని మీ నుంచి వెనక్కి తీసుకుంటుంది. సరుకూ, మీరు విడిగా పంపిన సొమ్మూ రెండూ పోతాయి. అందుకే వాపసు ఎప్పుడూ డబ్బు వచ్చిన కార్డుకే వెళ్లాలి.

ప్రశ్న అడిగినవారు:
పాత నంబరుకు ఫోన్ చేశాను. ఖాతా మారలేదని, అలాంటి మెయిల్ తాము పంపలేదని చెప్పారు. ఇద్దరికీ కృతజ్ఞతలు. చెల్లింపులన్నీ నేనొక్కడినే చూస్తున్నాను, నేను పొరబడితే ఆపేవారు లేరు. దీనికేమైనా మార్గం ఉందా?

జవాబు 1:
ఒకరు నమోదు చేసిన చెల్లింపును మరొకరు ఆమోదిస్తేనే డబ్బు కదిలే ఏర్పాటు చాలా బ్యాంకుల వ్యాపార ఖాతాల్లో ఉంటుంది, అడిగి చూడండి. అన్ని చెల్లింపులకూ వద్దనుకుంటే, కొత్త ఖాతాను చేర్చేటప్పుడూ పాతదాన్ని మార్చేటప్పుడూ అయినా రెండో మనిషి ఆమోదం తప్పనిసరి చేయండి. ఆ మెయిల్‌ను చెరపకుండా సరఫరాదారుకు చూపండి. చొరబాటు వారి వైపే జరిగి ఉంటే, వారి మిగతా కొనుగోలుదారులకూ ఇదే మెయిల్ వెళ్లి ఉండవచ్చు.