సైక్లిస్టు ఆత్మకథను పదహారేళ్ళ పిల్లవాడికి ఇవ్వవచ్చా?

ప్రశ్న (మారతహళ్ళి నుంచి):
మా తమ్ముడి కొడుకు ప్రతి ఆదివారం తెల్లవారకముందే లేచి సైకిల్ మీద నంది కొండ ఎక్కి వస్తున్నాడు. రేసుల్లోకి వెళ్ళాలని వాడి పట్టుదల. బ్రిటన్ సైక్లిస్టు డేవిడ్ మిల్లర్ 2011లో వెలువరించిన ఆత్మకథను ఈ మధ్యే చదివాను. నిషిద్ధ మందులు వాడి దొరికిపోయాక రాసిన ఒప్పుకోలును ఎంతవరకు నమ్మవచ్చో, దానిని వాడి చేతికి ఇవ్వవచ్చో లేదో పెద్దలు చెప్పగలరు.

జవాబు (జయనగర నుంచి):
తప్పకుండా ఇవ్వండి. మిల్లర్ ఏ డోపింగ్ పరీక్షలోనూ పట్టుబడలేదు. 2004 జూన్‌లో ఫ్రెంచి పోలీసులు బియారిట్జ్‌లోని అతని ఇల్లు సోదా చేసినప్పుడు పుస్తకాల అరలో రెండు ఖాళీ సిరంజీలు దొరికాయి. తరువాత నేరం ఒప్పుకున్నాడు, 2003 ప్రపంచ టైటిల్ పోయింది, రెండేళ్ళ నిషేధం పడింది. నేను ఆ పుస్తకాన్ని నమ్మడానికి కారణం వేరు. మొదట్లో విటమిన్ సూదిని కూడా వద్దన్న కుర్రవాడు, అలసట తీరడానికేనంటే సరేనని, సూది అంటే బెరుకు పోయాక 2001లో ఈపీవో అనే నిషిద్ధ మందు దాకా ఎలా వెళ్ళాడో అందులో మెట్టు మెట్టుగా కనబడుతుంది.

జవాబు (కోరమంగల నుంచి):
ఈపీవో మూత్రపిండాలు తయారుచేసే హార్మోనే. ఎముక మజ్జ చేత ఎర్ర రక్తకణాలను ఉత్పత్తి చేయిస్తుంది. మా అమ్మగారికి డయాలసిస్ జరిగిన రోజుల్లో ఆ ఇంజెక్షన్‌ను మందుల షాపులో ఐసు ప్యాకెట్ల మధ్య పెట్టించుకుని, ఆసుపత్రి చేరేదాకా ఆటోలో ఒళ్ళో పట్టుకుని కూర్చునేవాడిని. నాలుగడుగులకే ఆయాసపడే మనిషి కొన్ని వారాలకు వంటింట్లోకి నడిచి వెళ్ళి తన కాఫీ తానే కలుపుకున్నారు. అదే మందు ఆరోగ్యవంతుడికి ఎక్కిస్తే రక్తం చిక్కబడి గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. 1997లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఎర్రకణాల పాళ్ళకు 50 శాతం హద్దు పెడితే, ఆ హద్దుకు కొంచెం దిగువన ఉండేలా మోతాదు చూసుకున్నవారు ఉన్నారు. ఈపీవోను పట్టే పరీక్ష 2000లో గాని రాలేదు. రైడరు రక్తంలో మార్పులను ఏళ్ళ తరబడి గమనించే బయోలాజికల్ పాస్‌పోర్టు 2008లో మొదలైంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. విటమిన్ సూది భాగాన్ని వాడి పక్కన కూర్చుని చదివిస్తాను. మొన్న వాడి సంచిలో లేబుల్ లేని పొడి డబ్బా కనబడితే అడిగాను. అలసట తీరడానికని తోటి కుర్రవాడు ఇచ్చాడట. ఆ డబ్బా ఇప్పుడు నా బీరువాలో ఉంది.