1348 నాటి కమ్మరికి గ్రహాంతరవాసి తన అవసరాన్ని ఎలా చెప్పగలడు?

ప్లేగు ఇంకా చేరని ఒక జర్మన్ అటవీ గ్రామంలో, నౌక పాడై చిక్కుకుపోయిన గ్రహాంతరవాసుల గురించి కథ రాస్తున్నాను. వారిని చూసి ఊరంతా దయ్యాలనుకుని పారిపోతుందనడం నాకు మరీ తేలికైన ఊహగా తోస్తోంది. రూపం ఎంత వింతగా ఉన్నా, వివేకం గల మర్త్యుడైతే ఆదాము సంతతే, అంటే మనిషేనని క్రైస్తవ వేదాంతి సెయింట్ అగస్టీన్ అంతకు ఎన్నో శతాబ్దాల ముందే రాశారు, దేవుడు అనేక లోకాలను సృష్టించలేడన్న వాదాన్ని పారిస్ బిషప్ 1277లోనే ఖండించారు. చదువుకున్న మతగురువు, బహుశా, నిలబడి మాట్లాడతాడు.

నా చిక్కంతా కమ్మరి దగ్గరే. తెగిన రాగి తీగ ముక్కను అరచేతిలో పెట్టి, ఇలాంటిదే కావాలని సైగ చేస్తే, విద్యుత్తు అన్న ఊహే లేని ఆ మనిషి దాన్ని దేనికనుకుంటాడు? చిల్లుల ఇనుప పలకలోంచి తీగ లాగే పని ఆనాటికే ఉంది కనుక, అది ఎంత సన్నగా వచ్చేదో తెలిసినవారు దయచేసి చెప్పగలరా?