జీడి బట్టీ పొగకి బాబు ఆయాసం పెరుగుతోంది. ఊపిరితిత్తులు పాడైపోతాయా?

కాశీబుగ్గ అమ్మ:
నమస్కారం అండి. మా బాబుకి ఏడేళ్లు, ఆస్తమా ఉంది. మా వీధి వెనకాలే జీడి పిక్కలు కాల్చే బట్టీ. చలికాలం తెల్లవారుజామున ఆ పొగ పైకి పోదు, మంచుతో కలిసి ఇళ్ల మీదే ఉండిపోతుంది. ఆరేసిన బట్టలకి కూడా అదే ఘాటు. సరిగ్గా ఆ వేళకే వీడికి దగ్గు మొదలై పిల్లికూతలు వస్తాయి. డాక్టరు గారు రోజూ పంపు, అదే ఇన్‌హేలర్, వాడమన్నారు. మా అత్తయ్య మాత్రం "ఏటి, ఇంత గుంటడికి పంపు అలవాటు చేస్తే ఇంక మానతాడా? మృగశిర కార్తెకి చేప మందు వేయించండి" అంటారు. మా ఆయన ఊరు మారిపోదామంటున్నారు. నా టెన్షన్ ఒక్కటే, ఈ పొగకి ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయా?

విజయనగరం నర్సు:
చెల్లెమ్మా, నేను డాక్టర్ని కాను, పిల్లల వార్డులో నర్సుని. చూసింది చెప్తాను.

ఆస్తమా ఉన్న పిల్లల గాలి గొట్టాల లోపలి పొర ముందే వాచి ఉంటుంది. పొగలోని సన్నటి నుసి, పీఎం 2.5 అంటారే, తలవెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కూడా ఉండదు. ముక్కులో ఆగకుండా లోపలిదాకా పోతుంది. వాపు పెరుగుతుంది, కఫం ఊరుతుంది, గొట్టం చుట్టూ కండరం బిగుస్తుంది. పీల్చిన గాలి బయటికి రావడానికే కష్టం, ఆ కూత అందుకే. పైగా బరువుతో చూస్తే పిల్లలు మనకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు.

ఒక పూట పొగకి శాశ్వతంగా ఏమీ అయిపోదు. ఏళ్ల తరబడి పీలిస్తేనే ఊపిరితిత్తుల ఎదుగుదల తగ్గుతుంది. దక్షిణ కాలిఫోర్నియాలో 1990ల నుంచి బడిపిల్లల్ని పరీక్షిస్తూ వచ్చారు. గాలి శుభ్రపడ్డాక పెరిగిన పిల్లల్లో ఆ ఎదుగుదల మెరుగైంది, ఆస్తమా ఉన్నవాళ్లలో కూడా. మీ వాడికి ఏడేళ్లేగా, ఇంకా ఎదిగే వయసే.

ఊరు మారే ముందు ఇంట్లో చూడండి. రాత్రి దోమల కాయిల్ వెలిగిస్తున్నారా? ఒక్క కాయిల్ నుంచి వచ్చే నుసి 75 సిగరెట్ల పైమాటేనని కొలిచి చెప్పారు. తలుపులు మూసి, కాయిల్ పెట్టి, బట్టీని మాత్రమే తిట్టే ఇళ్లు నాకు బాగా తెలుసు. దోమతెర కట్టండి. అగరుబత్తీ కూడా బాబు పడుకునే గదిలో వద్దు.

పంపు వ్యసనం కాదు. అందులో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా గొట్టాల్లోకే పోతుంది. బాగుందని చలికాలంలో మానేసినవాళ్లే రాత్రిళ్లు వార్డుకి వస్తారు. స్పేసర్, అంటే పంపుకి తగిలించే మాస్కున్న డబ్బా, పెట్టి ఒక్కో పఫ్ వేయండి, ఆ మాస్కు ముఖానికి ఆనించి ఐదారు సార్లు ఊపిరి తీయనివ్వండి, తర్వాత నోరు పుక్కిలించాలి. ఆయాసపడే పిల్లాడి గొంతులో బతికున్న చేప వేయడమంటే నాకు భయమే. పెద్దావిడ మాట కాదనలేక వెళ్లినా పంపు ఆపొద్దు.

డొక్కలు లోపలికి లాగుతున్నా, మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే తగ్గడానికి వాడే నీలం పంపు ఇస్తూనే బయల్దేరాలి.

టెక్కలి మాస్టారు:
కాయిల్ సంగతి సరే తల్లీ, బట్టీని వదిలేద్దామా? మన దేశంలో పీఎం 2.5 రోజుకి ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. గాలి ప్రమాణాలు అందుకోని ఊళ్ల కోసం కేంద్రం వారు పెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నవే. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కి వీధి వాళ్లంతా సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వండి. పొగ వచ్చే వేళలు, బాబుకి కూత వచ్చిన రోజులు ఒక నోటుబుక్కులో రాసుంచండి. నోటి మాటకి ఎవరూ కదలరు.

కాశీబుగ్గ అమ్మ:
వీధిలో సగం మంది ఆ బట్టీల్లోనే పని చేస్తారు మాస్టారూ, సంతకం ఎవరు పెడతారు? బట్టీ పొగగొట్టం ఎత్తు పెంచమని అడిగితే కొందరు రావచ్చు. నర్సమ్మగారూ, బాబుకి బడికి మాస్కు పెట్టనా?

విజయనగరం నర్సు:
గుడ్డ మాస్కు ఈ నుసిని ఆపదు. పిల్లల సైజు ఎన్95 అంచులు సరిగ్గా అమరితే నడిచి వెళ్లేటప్పుడు పనికొస్తుంది. కూత ఉన్న రోజు వద్దు. ఎండ ఎక్కేదాకా బట్టీ వైపు కిటికీలు మూసి, ఆటలు సాయంత్రానికి పెట్టండి. ఈసారి డాక్టరు దగ్గరికి ఆ నోటుబుక్కూ తీసుకెళ్లండి, డోసు చూసుకోడానికి పనికొస్తుంది.