కాన్పుకు ముందే ఏమేం కొని పెట్టుకోవాలి?

నాకు ఎనిమిదో నెల. తొలి కాన్పు కాబట్టి దేవరకొండలో అమ్మవాళ్లింటికి వచ్చాను. కాన్పు మాత్రం నల్గొండలో సర్కారు దవాఖానలోనే. బిడ్డ పుట్టకముందే ఏదీ కొనొద్దని అమ్మ పట్టు. పాత నూలు చీరలు, నాన్న పంచెలు ఉతికి ఎండకు ఆరేసి మడతపెట్టింది, అవే చాలంటోంది. పొత్తిగుడ్డలకు వాటిని మించినవి దొరకవు, అక్కడ నాకు పేచీ లేదు. కానీ నల్గొండ 50 కిలోమీటర్ల పైనే. రాత్రిపూట నొప్పులొస్తే దుకాణాల వెంట ఎవరు తిరుగుతారు? సంచి సర్దిపెట్టుకుంటేనే నా టెన్షన్ తగ్గేది.

సంక్రాంతి దగ్గర్లో డేట్ ఇచ్చారు, అంటే మంచి చలి. టోపీలు, సాక్సులు, ముందు ముడివేసే జుబ్బాలు ఎన్ని జతలుంటే సరిపోతాయి? అప్పుడే పుట్టినవాళ్ల సైజు డైపర్లు ఒక్క చిన్న ప్యాకెట్ చాలా, త్వరగా పట్టకుండా పోతాయా? ఆవాల దిండు నిజంగా అవసరమా, లేక అలవాటా? పాలసీసా, పాలడబ్బా జోలికి పోవట్లేదు. ఆరు నెలలదాకా తల్లిపాలేనని ఆశా అక్క గట్టిగా చెప్పింది.

మా వదినకు 2018లో కేసీఆర్ కిట్ వచ్చింది. దోమతెర, సబ్బు, నూనె, పసిబట్టలు అన్నీ అందులోనే. ఈ మధ్య సర్కారు దవాఖానలో కాన్పైన అక్కలు ఎవరైనా ఉంటే, ఇప్పుడు మీకు ఏమేం ఇచ్చారో చెప్పరా? వాటిని వదిలేసి మిగతావే కొంటాను.