పాత మారుతి 800 (కార్బొరేటర్ మోడల్) సిగ్నల్ దగ్గర వణికిపోతోంది, ఎవరైనా హెల్ప్ చేయండి

నల్గొండ800:
అందరికీ నమస్తే. మా నాన్నగారి మారుతి 800, 1997 మోడల్, కార్బొరేటర్ (గాలి, పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) బండి. రోడ్డు మీద బానే లాగుతుంది, 50-60లో ఏ కంప్లైంటూ లేదు కానీ ఎక్కడైనా ఆపితే చాలు ఇంజిన్ గడగడా ఊగుతుంది, స్టీరింగ్ వణుకుతుంది, ఒక్కోసారి టప్పున ఆగిపోతుంది. ఇక్కడ మెకానిక్‌కి చూపిస్తే స్లో రేస్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పెంచి పంపించాడు, ఇప్పుడు ఆగట్లేదు గానీ ఊగడం అలాగే ఉంది, పైగా పెట్రోల్ తాగేస్తోంది. ప్లగ్గులు కొత్తవి, ఎయిర్ ఫిల్టర్ కొత్తది. ఏసీ ఎప్పుడో పాడైతే మొత్తం పీకించేశాం. ఇంకో విషయం, చోక్ సగం లాగితే బండి సైలెంట్ అయిపోతుంది, ఎందుకో అర్థం కావట్లేదు. కార్బొరేటర్ మార్చేయమంటున్నారు, మార్చేయాలా?

హైవే కుర్రోడు:
ప్లగ్ వైర్లు చూడు బ్రో, నాకూ సేమ్ ప్రాబ్లం, వైర్లు మారిస్తే సెట్ అయింది.

గ్యారేజ్ బాబాయ్:
కార్బొరేటర్ జోలికి అప్పుడే వెళ్లకు తమ్ముడూ. నీ పోస్టులో అసలు క్లూ చోక్. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోల్ ఎక్కువ వెళ్తుంది, అప్పుడు ఇంజిన్ కుదురుకుందంటే ఇప్పటిదాకా దానికి పెట్రోల్ చాలట్లేదు అని, అంటే ఎక్కడో చిల్లు నుంచి దొంగగాలి లాగుతోంది లేదా స్లో జెట్ (బండి ఆగి ఉన్నప్పుడు పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రం) మూసుకుపోయింది. అదే చోక్ లాగితే ఇంకా ఎక్కువ ఊగి నల్లపొగ వచ్చిందనుకో, అది రివర్స్ కేసు, ఫ్లోట్ నీడిల్ (కార్బొరేటర్‌లోకి వచ్చే పెట్రోల్‌ని ఆపే సూది) లీక్, ఫ్లోట్ లెవెల్ (లోపలి పెట్రోల్ మట్టం) ఎక్కువ, ఎయిర్ ఫిల్టర్ జామ్ ఇలాంటివి వెతకాలి.

మరి స్పీడులో ఎందుకు బాగుంటుంది అంటావా, ఐడిలింగ్‌లో, అంటే ఎక్సలేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగేటప్పుడు, థ్రాటిల్ (గాలి దారి తలుపు) దాదాపు మూసే ఉంటుంది, మానిఫోల్డ్‌లో (కార్బొరేటర్ నుంచి సిలిండర్లకి వెళ్లే గొట్టంలో) వ్యాక్యూమ్, అంటే లోపలికి పీల్చే బలం, గట్టిగా ఉంటుంది, లోపలికి వెళ్లే మొత్తం గాలే కొంచెం, అందులో చిన్న చిల్లు నుంచి వచ్చే గాలి కూడా పెద్ద వాటా అయిపోతుంది. ఎక్సలేటర్ తొక్కితే అసలు దారి నుంచే బోలెడు గాలి వస్తుంది కాబట్టి ఆ చిల్లు లెక్కలోకి రాదు. మీ మెకానిక్ రేస్ పెంచితే ఆగకపోవడానికి కారణం ఇదే, రోగం అలాగే ఉంది, సౌండ్ మాత్రం పెరిగింది.

ఇప్పుడు చేయాల్సింది చెప్తా. ముందు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి, కార్బొరేటర్ పక్కన ఒక వైరు వెళ్లే సోలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వ్) ఉంటుంది, ఆ వైరు తీసి మళ్లీ తగిలించు, టక్ అని వినపడాలి. వినపడకపోతే ఐడిలింగ్‌కి వెళ్లే పెట్రోల్‌ని అదే ఆపేస్తోందన్నమాట, అంతటితో వెతుకులాట అయిపోయినట్టే. సౌండ్ వస్తే తర్వాత ప్లగ్ వైర్లు, ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఒక్కోటి తీసి చూడు, రబ్బరు హ్యాండిల్ ఉన్న ప్లయర్‌తో, చేత్తో పట్టుకుంటే షాక్ గట్టిగా కొడుతుంది. ఇది మూడు సిలిండర్ల బండి, ఏ వైరు తీసినా ఇంజిన్ డౌన్ అవ్వాలి. ఏదైనా ఒకటి తీసినా మార్పు లేదంటే ఆ సిలిండర్ అసలు పని చేయట్లేదు, అప్పుడు ఆ ప్లగ్గు, వైరు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, వాల్వ్ క్లియరెన్స్, కంప్రెషన్ చూడాలి.

నల్గొండ800:
థాంక్స్ బాబాయ్. సోలినాయిడ్ టక్ అంటోంది. మూడు వైర్లూ తీసి చూశా, మూడింటికీ సేమ్ డౌన్ అవుతోంది.

గ్యారేజ్ బాబాయ్:
సరే, కరెంటు వైపు క్లీన్ అనుకో. ఇక గాలి లీకే. కార్బ్ క్లీనర్ స్ప్రే తెచ్చి, ఇంజిన్ ఐడిలింగ్‌లో పెట్టి, కార్బొరేటర్ కింద ప్యాకింగ్ చుట్టూ, మానిఫోల్డ్ అతుకు దగ్గర, ప్రతి వ్యాక్యూమ్ పైపు చివరా కొంచెం కొంచెం కొట్టు. ఎక్కడ కొడితే రేస్ మారిందో అక్కడ చిల్లు ఉంది. ఎగ్జాస్ట్ మీద పడనివ్వకు, అది నిప్పంటుకునే సరుకు, పక్కన సిగరెట్ తాగే బావమరుదులు ఉంటే ముందు వాళ్లని పంపించెయ్.

అన్నట్టు నువ్వు ఏసీ పీకించామన్నావు. ఏసీ ఉన్నప్పుడు కంప్రెసర్ లోడ్‌కి రేస్ పెంచడానికి మానిఫోల్డ్ నుంచి ఒక సన్న వ్యాక్యూమ్ పైపు వెళ్లేది. ఏసీ తీసినవాడు దాన్ని ఏం చేశాడో ముందు అది చూడు.

నల్గొండ800:
బాబాయ్ మీకు దండం! పైపు సగానికి కోసి, మడతపెట్టి, కరెంటు తీగతో చుట్టి వదిలేశారు. మడత దగ్గర రబ్బరు ఎండిన చింతబొట్టలా పగిలిపోయింది. అక్కడ స్ప్రే కొట్టగానే రేస్ మారింది. ఆ ముక్క పీకేసి, అది తగిలించి ఉన్న మానిఫోల్డ్ నిప్పల్‌కి కొత్త రబ్బరు క్యాప్ పెట్టి క్లిప్ వేశా, రేస్ ఒక్కసారిగా ఎగిరింది, వణుకు చాలావరకు పోయింది. కానీ సన్నగా ఇంకా ఉంది.

గ్యారేజ్ బాబాయ్:
రేస్ ఎగిరింది ఎందుకంటే మెకానిక్ తిప్పిన స్లో స్క్రూ (స్లో రేస్ పెంచి తగ్గించేది) అలాగే ఉంది కదా. ఇంజిన్ బాగా వేడెక్కాక, చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, స్లో స్క్రూతో 900 ఆర్పీఎం చుట్టుపక్కలకి దించు. తర్వాత మిక్చర్ స్క్రూని (ఐడిలింగ్‌లో పెట్రోల్, గాలి పాళ్లు సర్దేది) మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ ఇంజిన్ ఎక్కడ ఎక్కువ స్పీడుగా, సాఫ్ట్‌గా తిరుగుతుందో అక్కడ ఆపి, మళ్లీ స్లో స్క్రూ దించు. లోపలికి తిప్పేటప్పుడు బిగించేయొద్దు, సూది మొన అరిగితే ఆ తర్వాత ఎంత తిప్పినా సెట్టింగ్ కుదరదు. స్క్రూ తిప్పినా ఇంజిన్‌లో ఏ మార్పూ లేకపోతే అప్పుడు స్లో జెట్ తీసి గాలి కొట్టించు. తీగ పెట్టి పొడిస్తారు కొందరు, ఒప్పుకోకు, ఇత్తడి జెట్ రంధ్రం పెద్దదైపోతుంది.

ఇక మూడు సిలిండర్ల బండి కొంచెం ఊగడం సహజం. సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూడు, పొగ వరసగా సమానంగా కొడుతోంటే ఇంజిన్ బాగున్నట్టే, మిగిలిన వణుకు ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లది.

ఖమ్మం రైడర్:
మధ్యలో వస్తున్నా సారీ, ఈ ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ వల్ల కూడా ఇలా అవుతుందా?

గ్యారేజ్ బాబాయ్:
కొంత అవుతుంది. ఉత్త పెట్రోల్ కాలడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 వంతులు చాలు, అంటే కలిపిన పెట్రోల్ అదే జెట్ నుంచి వెళ్తే ఇంజిన్‌కి గాలి ఎక్కువైనట్టే. ఇంజెక్షన్ బండిలో సెన్సార్ చూసుకుని సర్దుతుంది, కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు. మిక్చర్ స్క్రూ కాస్త పెట్రోల్ వైపు తిప్పుకుంటే ఐడిలింగ్ వరకు సరిపోతుంది. దానికన్నా నాకు భయం పాత రబ్బరు పెట్రోల్ పైపులు, అవి ఉబ్బి మెత్తబడి కారతాయి, కింద వేడి ఇంజిన్ ఉంటుంది. ఇథనాల్ తట్టుకునే పైపు అని అడిగి మార్పించుకోండి, ఇందులో మాత్రం కక్కుర్తి పడొద్దు.

ఖమ్మం రైడర్:
నాది పాత బుల్లెట్. పెట్రోల్ వైపు అంటే స్క్రూ లోపలికా బయటికా?

గ్యారేజ్ బాబాయ్:
స్క్రూ ఎక్కడుందో చూడు. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, లోపలికి తిప్పితే గాలి తగ్గి పెట్రోల్ ఎక్కువవుతుంది. ఇంజిన్ వైపు ఉంటే అది మిక్చర్ స్క్రూ, బయటికి తిప్పితే పెట్రోల్ ఎక్కువవుతుంది. పాత బుల్లెట్‌కి మిక్‌కార్బ్ రకం కార్బొరేటర్ అయితే గాలి స్క్రూనే. పావు చుట్టు తిప్పి, కాసేపు ఆగి విని, అప్పుడు ఇంకో పావు తిప్పు.